ఆపరేషన్ చేసేది మీరేనా డాక్టర్ గారూ?

మన ఇళ్ళల్లో ఎవరికైనా గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయని తెలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. సాయంత్రానికల్లా వార్త మేనత్త దాకా వెళ్ళిపోతుంది. బాబాయి ఒక డాక్టర్ పేరు చెప్తాడు. పక్కింటి ఆంటీ ‘అక్కడొద్దమ్మా, మా ఆడపడుచుకి కుట్లు చీము పట్టాయి’ అంటుంది. మెడికల్ షాపు అన్న ఇంకో పేరు చెప్తాడు. ఇంతమంది నోళ్ళలో నలిగాక చివరికి ఒక డాక్టర్ తేలతాడు. అదేం గొప్ప పద్ధతి కాదు. కానీ పదిమంది అడిగి, పదిమంది విని తీసుకున్న నిర్ణయం అది.

అదే ముక్కు సరిచేయించుకోవాలన్నా, జుట్టు నాటించుకోవాలన్నా, ఛాతీ దగ్గర కొవ్వు తీయించుకోవాలన్నా ఎవ్వరికీ చెప్పం. రాత్రి పన్నెండింటికి దుప్పటి కప్పుకుని, బ్రైట్‌నెస్ తగ్గించుకుని ఫోన్‌లో వెతుకుతాం. ఆ టైమ్‌లో మన పక్కన ఉండేవి రీల్స్, ‘బిఫోర్ - ఆఫ్టర్’ ఫొటోలు, ‘ఈ నెలాఖరు వరకే’ అనే ఆఫర్లు. మన ఒంటి మీద కత్తి పెట్టే మనిషిని అలా ఒంటరిగా, సిగ్గుపడుతూ, తొందర తొందరగా ఎంచుకుంటాం.

మా తమ్ముడు ఏడాది పాటు అలాగే వెతికాడు. ఆ తర్వాత సంగతి మాకు తెలిసి, డాక్టర్‌ని వెతకడం ఇంటిల్లిపాది పని అయింది. ఇదంతా రాయమన్నది వాడే. ‘నా పేరు మాత్రం రాయకక్కా’ అన్నాడు. రాయను.

రెండు బనియన్లు

వాడికి 22 ఏళ్ళు. మాది ఖమ్మం. వాడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాడు, నాకు ఉద్యోగం ఇక్కడే. చిన్నప్పుడు మున్నేట్లో దూకిన పిల్లాడు, ఇంటర్‌కి వచ్చాక నీళ్ళ దగ్గరికే రావడం మానేశాడు. మే నెల ఎండల్లో కూడా చొక్కా కింద రెండు బనియన్లు. బాబాయి వాళ్ళ గృహప్రవేశంలో పంచె కట్టుకుని చొక్కా తీసి పీటల మీద కూర్చోమంటే, తలనొప్పని చెప్పి లోపలికెళ్ళి పడుకున్నాడు. మేమంతా బద్ధకం అనుకున్నాం.

ఒకరోజు మెసేజ్ పెట్టాడు: ‘అక్కా, 40 వేలు సర్దగలవా? ఎందుకని అడగొద్దు.’ ఆ సాయంత్రమే హాస్టల్‌కి వెళ్ళాను. బయట టీ కొట్టు దగ్గర నిలబడి, రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. నా మొహం చూడలేదు.

గైనకోమాస్టియా. మగవాళ్ళలో రొమ్ము గ్రంథి పెరగడాన్ని అలా అంటారు. ఈడొచ్చే వయసులో చాలామంది మగపిల్లలకి కొద్దో గొప్పో వస్తుంది. ఎక్కువమందికి ఒకటి రెండేళ్ళలో దానంతటదే తగ్గిపోతుంది. కొందరికి ఉండిపోతుంది. కొన్ని రకాల మందుల వల్ల, కండల కోసం తీసుకునే స్టెరాయిడ్ల వల్ల, హార్మోన్లలో తేడాల వల్ల, లివర్, థైరాయిడ్ సమస్యల వల్ల కూడా రావచ్చు. ఒట్టి కొవ్వయితే బరువు తగ్గితే అదీ తగ్గుతుంది. గ్రంథే గట్టిపడి ఉండిపోతే ఎన్ని పుషప్స్ కొట్టినా పోదు. మా వాడు తిండి కడుపు మాడ్చుకుని 12 కిలోలు తగ్గాడు. అది మాత్రం తగ్గలేదు.

అప్పటికే ఒక క్లినిక్‌కి 5,000 టోకెన్ అడ్వాన్స్ కట్టేశాడు. ‘కట్టేసిన డబ్బు వెనక్కి ఇవ్వరంట’ అన్నాడు నెమ్మదిగా.

అమ్మకి చెప్పినప్పుడు ఆవిడ ముందు అడిగింది ‘అది జబ్బా?’ అని కాదు. ‘ఆర్తీ అగర్వాల్‌కి ఏమైందో గుర్తుందా?’ అంది. ‘నువ్వు నాకు నచ్చావ్’ టీవీలో ఎన్నిసార్లు వేసినా చూసే మనిషి మా అమ్మ. ఆర్తి 2015 జూన్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ళకే చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. చావుకి అదే కారణమని మనం చెప్పలేం. కానీ అమ్మ మనసులో ఆ రెండూ ముడిపడిపోయాయి. 2022 మేలో బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే సర్జరీ తర్వాత చనిపోయినప్పుడు ఆ ముడి ఇంకా బిగిసింది. ఆ అమ్మాయికి అప్పటికి 21 ఏళ్ళే.

అమ్మ భయం తీసిపారేసేది కాదు. మనకి అందం కోసం అనిపించినా, శరీరానికి అది మామూలు ఆపరేషనే. మత్తు అదే, కోత అదే, రక్తం అదే.

ఆ రోజు ఎవరుంటే వాళ్ళు

తమ్ముడు టోకెన్ కట్టిన చోటికి ముగ్గురం కలిసే వెళ్ళాం. ఏసీ, మెత్తటి సోఫాలు, గోడ నిండా నవ్వుతున్న మొహాలు. డాక్టర్ మాత్రం కనిపించలేదు. కోటు వేసుకున్న ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. ఆవిడ ‘కౌన్సెలర్’. ప్యాకేజీ 65,000, ఇవాళే బుక్ చేస్తే 52,000, ఈఎంఐ ఉంది, గంటలో అయిపోతుంది, రెండో రోజే కాలేజీకి వెళ్ళొచ్చు అంది. తమ్ముడి ఒంటిని ఎవరూ చూడలేదు. ఒక్క టెస్టు రాయలేదు. ధర మాత్రం వచ్చేసింది.

‘సర్జరీ చేసే డాక్టర్ పేరేంటండీ?’ అనడిగాను.

‘మాది టాప్ సర్జన్ల ప్యానెల్ మేడమ్. ఆ రోజు ఎవరు అవైలబుల్‌గా ఉంటే వాళ్ళు చేస్తారు.’

బయటికొచ్చాక ఆటోలో పెద్ద గొడవ. తమ్ముడు ఏడుపు ఆపుకుంటూ అరిచాడు. ‘ఆగమని చెప్పడం నీకు ఈజీనే అక్కా. రోజూ అద్దంలో చూసుకునేది నేను. ఫ్రెండ్స్ గోవా వెళ్తున్నారు. ఇంకో ఏడాది టీషర్టుతోనే సముద్రంలో దిగాలా?’

వాడి మాటలో అబద్ధం లేదు. ఇలాంటి సమస్యతో బతికేవాళ్ళకి ప్రతి రోజూ ఆలస్యమే. అందుకే ఇవాళే బుక్ చేసుకోమన్న మాట అంత తేలిగ్గా పనిచేస్తుంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఇంకో రెండు చోట్లు చూద్దాం, ఆ తర్వాత వాడిష్టం.

అక్షరాల వెనక ఏముంది?

ఆ వారం మేము డాక్టర్ల పేర్ల పక్కన ఉండే అక్షరాలు చదవడం నేర్చుకున్నాం. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు. ఆ తర్వాత జనరల్ సర్జరీలో ఎంఎస్ మూడేళ్ళు. దాని మీద ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ ఇంకో మూడేళ్ళు. దీనికి సమానంగా జాతీయ బోర్డు ఇచ్చే డీఎన్‌బీ, డీఆర్‌ఎన్‌బీ ఉన్నాయి. అంటే ఒక ప్లాస్టిక్ సర్జన్ తయారవడానికి పదకొండున్నరేళ్ళ దాకా పడుతుంది. చర్మం, జుట్టుకి సంబంధించిన వాటికి డెర్మటాలజీలో ఎండీ చేసినవాళ్ళు ఉంటారు. ముక్కు ఆపరేషన్లు చేసే ఈఎన్‌టీ సర్జన్లు ఉన్నారు. మా వాడిలాంటి కేసులు జనరల్ సర్జన్లు కూడా చేస్తారు. ‘కాస్మెటిక్ సర్జన్’ అని బోర్డు మీద రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ మాట వెనక ఏ చదువు ఉందన్నదే ప్రశ్న.

ఈ గందరగోళం ఎంతదాకా వెళ్ళిందంటే, 2022 సెప్టెంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ల గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన అది శిక్షణ కిందికి రాదని అందులో సూటిగా రాశారు. ఆ మాట డాక్టర్లకి చెప్పాల్సి వచ్చిందంటే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూడండి.

వెతకడం కష్టమేం కాదు. కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఉంది. డాక్టర్ పేరు గానీ, రిజిస్ట్రేషన్ నంబర్ గానీ కొడితే ఏ రాష్ట్ర కౌన్సిల్లో, ఏ సంవత్సరం నమోదయ్యారో వస్తుంది. ఆ నంబర్‌ని క్లినిక్‌లో, ప్రిస్క్రిప్షన్ మీద, రసీదు మీద కనిపించేలా ఉంచాలన్నది 2002 నుంచీ ఉన్న నిబంధన. అదనపు డిగ్రీ కనిపించకపోతే నేరుగా అడగొచ్చు, రాష్ట్ర కౌన్సిల్లో కనుక్కోవచ్చు. నిజంగా చదివినవాళ్ళు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు.

రెండో చోట డాక్టర్ స్వయంగా మాట్లాడారు. మర్యాదస్తుడే. రిజిస్టర్లో ఆయన పేరు పక్కన ఎంబీబీఎస్ ఒక్కటే కనిపించింది. అడిగితే కొన్ని వారాల ఫెలోషిప్ సర్టిఫికెట్ చూపించారు. ఆ వెంటనే ఫొటోల ఆల్బమ్ తెరిచారు. తమ్ముడే పట్టుకున్నాడు: ‘అక్కా, ముందు ఫొటోలో లైట్ పైనుంచి పడుతోంది, తర్వాతి ఫొటోలో ఎదురుగా ఉంది. చేతులు కూడా పైకెత్తాడు చూడు.’ నిజమే. ఒకే వెలుతురు, ఒకే దూరం, చేతులు ఒకేలా పెట్టి తీసినవైతేనే ఆ ఫొటోలు ఏమైనా చెప్తాయి. ఆపరేషన్ అయిన ఎన్ని నెలలకి తీశారో కూడా తెలియాలి. ఆయన దగ్గర ఆ వివరం లేదు.

నాన్న అడిగిన ఒక్క మాట

మూడో డాక్టర్ ఫోన్‌లో దొరకలేదు. ఆర్టీసీ డిపోలో దొరికాడు.

నాన్న అక్కడ పనిచేస్తాడు. రెండు వారాలు లోపల్లోపలే నలిగి, ఒకరోజు డ్యూటీ దిగాక తోటి డ్రైవర్‌తో అనేశాడట. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదట. తర్వాత గొంతు తగ్గించి, ‘మా పెద్దోడికి మూడేళ్ళ కింద అదే చేయించినం. ఎవరికీ చెప్పలే’ అన్నాడట. పదేళ్ళుగా పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్ళు. ఒక ఇంట్లో ఉన్న సమాచారం ఇంకో ఇంటికి చేరడానికి అడ్డంగా ఉన్నది సిగ్గు ఒక్కటే.

ఆ డాక్టర్ హాస్పిటల్‌లో మెత్తటి సోఫాలు లేవు. వెయిటింగ్ హాల్లో గ్యాస్ స్టవ్ మంటల్లో మెడ కాలిన ఒకావిడ, గ్రహణం మొర్రి ఆపరేషన్ అయిన చంటిపిల్లాడు, మిషన్‌లో వేలు నలిగిన ఒక కార్మికుడు కూర్చుని ఉన్నారు. ప్లాస్టిక్ సర్జరీ అంటే అసలు ఇదే. ఆ మాటకి ప్లాస్టిక్‌తో సంబంధం లేదు, మలచడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. తెగిన ముక్కుకి చెంప చర్మంతో మళ్ళీ రూపమిచ్చే పద్ధతి మన సుశ్రుత సంహితలోనే ఉంది. మా వాడు ఆ హాల్లో చాలాసేపు ఎవరి వంకా చూడకుండా కూర్చున్నాడు. తర్వాత ఆ చంటిపిల్లాడితో ఆడటం మొదలుపెట్టాడు.

డాక్టర్ గారు మమ్మల్ని బయట కూర్చోమని, ముందు వాడితో ఒంటరిగా మాట్లాడారు. ఏ వయసులో మొదలైంది, ఇంకా పెరుగుతోందా, నొప్పి ఉందా, ఏ మందులు వాడావు, జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్లు ఇచ్చారా అని అడిగారట. ‘నాకు అబద్ధం చెప్తే నష్టం నీకే నాన్నా’ అన్నారట. ఛాతీతో పాటు వృషణాలు కూడా పరీక్ష చేశారు. అరుదుగానే అయినా, అక్కడి గడ్డల వల్ల కూడా ఇది రావచ్చట. హార్మోన్లు, థైరాయిడ్, లివర్ రక్త పరీక్షలు, అల్ట్రాసౌండ్ రాశారు. ఆ తర్వాతే మమ్మల్ని లోపలికి పిలిచారు.

అమ్మకి డిగ్రీల గొడవ తెలియదు. కూర్చోగానే అడిగేసింది: ‘ఆపరేషన్ చేసేది మీరేనా డాక్టర్ గారూ?’

ఆయన నవ్వారు. ‘నేనేనమ్మా. మత్తు ఇచ్చేది ఇంకో డాక్టర్, ముందు రోజు ఆవిడ వచ్చి మీతో మాట్లాడతారు. కింద అంతస్తులో ఐసీయూ ఉంది. అవసరం పడదనే అనుకుంటున్నా, కానీ ఉంది.’

కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. కొవ్వుని లైపోసక్షన్‌తో తీస్తారు. చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం అంచున చిన్న కోత పెట్టి గ్రంథిని తీస్తారు. మచ్చ సన్నగా ఉంటుంది గానీ ఉంటుంది. రెండు వైపులా అచ్చం ఒకేలా రాకపోవచ్చు. కొన్నాళ్ళు తిమ్మిరి ఉండొచ్చు. లోపల రక్తం గడ్డకడితే మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సి రావచ్చు. అలా జరిగితే అదనంగా బిల్లు వేయమని కాగితం మీద రాసిచ్చారు. మొత్తం ఖర్చు 95,000. ఇన్సూరెన్స్ ఆశ పెట్టుకోవద్దన్నారు. ప్రమాదాలు, కాలిన గాయాలు, క్యాన్సర్ లాంటివి తప్ప కాస్మెటిక్ సర్జరీకి మామూలు పాలసీలు డబ్బివ్వవు.

చివర్లో తమ్ముడికి నచ్చని మాట చెప్పారు. ‘నువ్వు ఇంకా బరువు తగ్గుతూనే ఉన్నావు. ఒకచోట నిలబడనీ. ఇప్పుడే చేస్తే చర్మం వదులుగా వేలాడొచ్చు. మూడు నెలలాగి రా.’

95,000 చేతిలోకి వచ్చే అవకాశం ఉండి కూడా ‘ఇప్పుడొద్దు’ అన్న మనిషి. ఆ సాయంత్రం తమ్ముడు నాతో మాట్లాడలేదు. గోవాకి టీషర్టుతోనే వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చాక తనే అన్నాడు, ‘ఆయన దగ్గరే చేయించుకుంటా అక్కా.’

ఆ రాత్రి పదకొండింటికి

ఆపరేషన్ రోజు డాక్టర్ గారే వచ్చి, వాణ్ణి నిలబెట్టి, మార్కర్ పెన్‌తో ఛాతీ మీద గీతలు గీశారు. పడుకుంటే కొలతలు మారిపోతాయట. రెండు గంటల్లో బయటికి తెచ్చారు. అంతా బాగానే ఉందనుకున్నాం.

రాత్రి పదకొండు దాటాక ఎడమ వైపు ఉబ్బడం మొదలైంది. కట్టు బిగుసుకుపోయింది, నొప్పితో వాడి మొహం పాలిపోయింది. నర్సు చూసి వెంటనే ఫోన్ చేసింది. డాక్టర్ గారు ఇంటి దగ్గర్నుంచి ముప్పావుగంటలో వచ్చారు. కట్టు విప్పి చూసి, అమ్మ వైపు తిరిగి, ‘నేను చెప్పిన రక్తం గడ్డ ఇదేనమ్మా. లోపలికి తీసుకెళ్ళి తీసేస్తాను’ అన్నారు. ముందే బొమ్మ గీసి చెప్పిన మాట కాబట్టి అమ్మ ఏడవలేదు. తలూపింది.

తలుపు ముందు నిలబడ్డ ఆ గంటసేపూ నా బుర్రలో ఒకటే ఆలోచన. మొదటి చోట చేయించి ఉంటే ఈ టైమ్‌లో ఎవరికి ఫోన్ చేసేవాళ్ళం? ఆ రోజు అవైలబుల్‌గా ఉన్న డాక్టర్ ఇప్పుడు ఎక్కడుండేవాడు?

మంచి సర్జన్ చేతిలో కూడా ఇలాంటివి జరుగుతాయి. అందుకే అంతా సాఫీగా అయ్యే రోజుని బట్టి కాకుండా, ఇలాంటి రాత్రిని దృష్టిలో పెట్టుకుని డాక్టర్‌ని ఎంచుకోవాలి. పేరు తెలిసి ఉండాలి, పిలిస్తే రావాలి, పక్కనే సౌకర్యం ఉండాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

రెండో రోజుకి వాపు తగ్గింది. అదనంగా బిల్లు వేయలేదు. ఆరు వారాలు బిగుతుగా ఉండే వెస్ట్ వేసుకున్నాడు. ఇప్పుడు ఎడమ వైపు మచ్చ కుడివైపు కంటే కొంచెం ఎక్కువే కనిపిస్తుంది. వాడు పట్టించుకోవడం లేదు. ఒక్క బనియనే వేసుకుంటున్నాడు.

మీరు కూడా ఏదైనా సర్జరీ గురించి రహస్యంగా వెతుకుతుంటే, దాన్ని తప్పని నేను అనను. మీ శరీరం, మీ ఇష్టం. క్లినిక్‌కి ఫోన్ చేసే ముందు మాత్రం ఇంట్లోనో బయటో ఒక్క మనిషికి చెప్పండి. ఆ మనిషిని వెంట తీసుకెళ్ళండి. చేసేది ఎవరు, ఏం చదివారు, మత్తు ఎవరిస్తారు, ఐసీయూ ఎక్కడుంది, తేడా వస్తే ఆ ఖర్చు ఎవరిది, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి... ఇవన్నీ అడగడానికి మీకు మొహమాటం అడ్డొస్తే ఆ మనిషి అడుగుతారు. జవాబులు రాసుకుని ఇంటికొచ్చేయండి. ఆ రోజే డబ్బు కట్టొద్దు. నిజంగా మంచి డాక్టర్ వచ్చే వారం కూడా అక్కడే ఉంటాడు.

తమ్ముడికి ఈమధ్య హాస్టల్ జూనియర్లు ఇద్దరు ముగ్గురు ఫోన్లు చేస్తున్నారు. గొంతు తగ్గించి మాట్లాడతారట. మొన్న ఒకడు ఏదో ఆఫర్ గురించి చెప్తుంటే, నేను పక్కనే ఉండి విన్నాను. వీడు ఒకటే ప్రశ్న వేశాడు.

‘చేసే డాక్టర్ పేరేంట్రా?... చెప్పలేదా? అయితే డబ్బులు కట్టకు. సాయంత్రం రా, టీ తాగుతూ మాట్లాడుకుందాం.’